లోపల ఎవరూ లేరు

"అంజయ్య మూడు రోజులుగా గనిలోంచి బయటికి రాలేదు," అన్నాడు చీఫ్ జగన్మోహనరావు. 1967 అక్టోబరు. గన్‌ఫౌండ్రీలో ఆ గూఢచారి డిపార్ట్‌మెంటు గది బయట పేరుకి ఇన్సూరెన్స్ కంపెనీ బోర్డు వేలాడుతోంది. "ఏజెంట్ సెవెంటీన్, పదకొండున్నరకి మొజంజాహీ మార్కెట్లో విమలను కలువు."

ఏజెంట్ సెవెంటీన్ అంటే ప్రహ్లాద్. అడవిలో పాడుబడ్డ గనిలో విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ దాచింది. దాన్ని కనిపెట్టడానికి ముసలి గని కూలీ అంజయ్యను దింపింది తనే. పేలుళ్లకు చెవులు పోయినవాడు, ఎవరూ అనుమానించరని ఫైల్లో గొప్పగా రాశాడు కూడా.

విమల నాంపల్లి గనుల ఆఫీసులో టైపిస్టు. ముఠాలో చేరినట్టు నటిస్తూ డిపార్ట్‌మెంటుకు కబుర్లు మోసే, రహస్యంగా దాని ఫైళ్లు కూడా టైప్ చేసిపెట్టే మనిషి. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు. ఐస్‌క్రీం దుకాణంలో పండ్ల దళారీ వేషంలో ప్రహ్లాద్ ఆమె ఎదుట కూర్చున్నాడు.

"సీతాఫలం ఐస్‌క్రీం కరిగిందా?"

"ఇంక గడ్డనే ఉంది." కోడ్ సరిపోయింది.

"అంజయ్య ఏడి?"

"గనిలనే. ముఠా కాపలా ఉన్నదని నక్కిండు. ఫికర్ జెయ్యకు, జర తిను. పన్నెండింటికి మా ఆఫీసోళ్లు గా గని మూతి పేల్చి కాంక్రీటు పోస్తరు."

"లోపల మనిషున్నడు గద."

"లేడని మా ఆఫీసర్ ఫ్యాను కింద కూసొని సర్టిఫికెట్ ఇచ్చిండు. రూలు ప్రకారం మూడుసార్లు విజిల్ ఊదుతరు. ఉంటే బయటికొస్తడు."

ప్రహ్లాద్ చెంచా కింద పెట్టాడు. "ఆయనకు చెవుడు."

"ఎరుకే. నీ ఫైలు టైప్ జేసింది నేనే గద."

విమలది నటన కాదు, ఆమె నిజంగానే ముఠా మనిషి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. ముఠా చేతికి మట్టి అంటకుండా, సర్కారే తన సిమెంటుతో సాక్షిని పూడ్చేస్తుంది. గడియారంలో పన్నెండుకు పది నిమిషాలు. ఆమె లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్ అని అతనికి తెలుసు, ఇచ్చింది డిపార్ట్‌మెంటే. ఐస్‌క్రీం ఆమె కళ్లద్దాల మీద కొట్టి, పిస్టల్ లాక్కుని పరుగెత్తాడు.

ఆబిడ్స్ పోస్టాఫీసులో, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ ట్రంక్ కాల్. గని క్యాంపులో ఇంజనీరు శ్రీరామమూర్తి ఫోనెత్తేసరికి అర నిమిషమే మిగిలింది.

"విజిల్ ఊదామండి. ఎవరూ రాలేదు. ఫ్యూజుకి అగ్గిపుల్ల గీశారు."

"ఆర్పించండి. లోపలున్న ఆయనకు వినపడదు."

అవతల కేకలు. పేలుడు వినిపించలేదు. ప్రహ్లాద్ గోడకు చేరగిలబడ్డాడు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

కూలీలు లోపలికెళ్లి వెతికితే అంజయ్య బయటికొచ్చాడు. ఆయన గుర్తుపట్టిన ముఠావాళ్లు నలుగురూ, విమలా సాయంత్రానికి దొరికిపోయారు. ఆయనకు సాహస పతకం ఇమ్మని ప్రహ్లాద్ కాగితం పెట్టాడు. వారానికి అది తిరిగొచ్చింది.

"సర్టిఫికెట్ తప్పంటే ఆ ఆఫీసరు ఉద్యోగం పోతుందట," అన్నాడు జగన్మోహనరావు తలెత్తకుండా. "కాబట్టి ఆ రోజు గనిలో ఎవరూ లేరయ్యా. నువ్వెవర్నీ కాపాడలేదు."