తాత బండి చెయ్యి

పొద్దు గుంకాక ఆ షెడ్డు వైపు కుక్క కూడా పోదనేవారు. మూతపడ్డ కార్ల షోరూమ్ వెనక రేకుల షెడ్డు అది. లోపల నాలుగు కార్లు వరసగా... తాత, తండ్రి, కొడుకు, మనవడు. ఒకే కంపెనీ ఒకే పేరుతో పదేళ్లకొకటి చొప్పున వదిలిన సంసారుల బండ్లు. డీలరుగారు ఒక్కో మోడల్లో ఒక్కటి అమ్మకుండా దాచుకున్నారు.

రాత్రిళ్లు తాత చెయ్యి చాస్తాడని చెప్పుకునేవారు...

చెయ్యంటే ఈ కాలం వాళ్లకి చెప్పాలి. మొదటి మోడల్‌కి మలుపు దగ్గర మినుకుమనే లైట్లు లేవు. తలుపు పక్కనుంచి జానెడు రెక్క టక్కున లేచేది, లోపల నారింజ రంగు దీపంతో. రెండో మోడల్‌కి దాన్ని తీసేశారు. మూడోదానికి ముక్కు వెడల్పు చేశారు, నాలుగోదానికి గేరు కడ్డీని స్టీరింగు పక్కనుంచి కిందికి దించారు. మా నాన్న మూడోది కొంటానని పదకొండేళ్లు అని, చివరికి స్కూటరు కొన్నారు — అది వేరే కథ. చెప్పొచ్చేదేమంటే, ఎన్నిసార్లు మొహం మార్చినా ఎముకలు మార్చలేదు. తాత బ్రేకు సిలిండరు మనవడికి అతికినట్టు సరిపోతుంది.

ఆ సంగతి మా బావమరిదికి తెలుసు. మెకానిక్. అబద్ధమాడితే దగ్గొస్తుంది వాడికి. ఇది చెప్పినప్పుడు ఒక్కసారీ దగ్గలేదు.

ఒకసారి తెల్లారేలోగా వాడి కూతుర్ని ఆపరేషన్‌కి కొండ దారి దింపి తీసుకెళ్లాలి. రాత్రి చూస్తే... వాడి కారుకి — అదీ నాలుగో మోడలే — బ్రేకు సిలిండరు నుంచి ఆయిల్ కారిపోతోంది. కొట్లన్నీ మూసేశారు.

"ఆ షెడ్డుకా?... వద్దండీ," గొంతు తగ్గించి అంది భార్య.

"దెయ్యం కంటే ఆ దిగుడే చెడ్డదే," అని బయల్దేరాడు.

డీలరుగారు జ్వరంతో పడుకున్నారు. కోడలు తాళంచెవి ఇచ్చింది.

టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, తలుపు దగ్గరే ఉన్న తాత బండి బానెట్ ఎత్తాడు. సిలిండరు పైకి బాగానే ఉంది. నట్టు మీద స్పానరు పెట్టాడు —

టక్.

చీకట్లో నారింజ రంగు చెయ్యి లేచింది.

"ఎవరది?..."

స్పానరు తీశాడు. చెయ్యి వాలింది. మళ్లీ పెట్టాడు... టక్. ఎడమవైపు చూపిస్తోంది, తండ్రి బండి వైపు. మూడోసారీ అంతే.

"సరే తాతా... సరే..." అన్నాడు. తండ్రి బండి సిలిండరే విప్పుకుని పరిగెత్తాడు.

కొండ దిగారు. పిల్ల గట్టెక్కింది.

నాలుగో రోజు తాళంచెవి ఇస్తూ, పగటి ధైర్యంతో అన్నాడు: "సార్, తాత బండికి వైర్లు ఎక్కడో ఒరుసుకుంటున్నాయి. చెయ్యి దానంతటదే లేస్తోంది. బ్యాటరీ పీకేద్దాం. వెనక సీటు కిందేగా?"

డీలరుగారు తీసుకెళ్లి ఆ సీటు ఎత్తారు. ఖాళీ... సాలెగూళ్లు.

"మా డ్రైవరు పోయిన రోజే పీకించాను."

"ఎలా పోయాడు సార్?"

"ఆ కొండ దిగుడులోనే, ఈ బండిలోనే. తొక్కితే బ్రేకు పాతాళానికి పోయింది. తర్వాత సొట్టలు తీయించాను... సిలిండరు మాత్రం ముట్టుకోలేదు. అదే ఉంది."

ఇప్పటికీ మావాడు మలుపు దగ్గర లైటు వేసి ఊరుకోడు. అద్దం దించి చెయ్యి కూడా చాస్తాడు.

"ఎవరికిరా? వెనక ఎవరూ లేరుగా," అన్నాను ఒకసారి.

"వెనకవాళ్లకి కాదు బావా..."

దగ్గలేదు.