ఊరికే తల ఊపితే ఒప్పుకోను

"ఆవిడ మొండిది కాదు. మీకే తొందరెక్కువ!"

మోకాలి ఆపరేషన్ల వార్డులో, అందరి ముందూ, కొత్తగా చేరిన నర్సు ఆ మాట అనేసరికి ఫిజియోథెరపిస్టుకి ఒళ్ళు మండిపోయింది. వార్డంతా అతన్ని డ్రిల్ మాస్టర్ అంటారు. అతని చేతిలో పడ్డ మోకాలు వంగకుండా ఇంటికి వెళ్ళిన దాఖలా లేదు. కిటికీ పక్క మంచం మీది అవ్వ మాత్రం అతనికి కొరకరాని కొయ్య అయి కూర్చుంది.

అవ్వ భాష వేరు. అతను చెప్పింది కొడుకు ఆమెకు చెప్తాడు. ఆమె నవ్వుతూ తల ఊపుతుంది. మర్నాడు చూస్తే మోకాలు ఎక్కడిదక్కడే. శనివారానికి వంగకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి వంచాల్సిందేనని సర్జన్ తేల్చి చెప్పేశారు. ఆ వయసులో రెండోసారి మత్తంటే మాటలు కాదు.

"రోజూ 'అర్థమైందా' అని అడుగుతున్నా. రోజూ తల ఊపుతోంది. ఇంకేం చెయ్యమంటారు, సిస్టర్?"

"ఇవాళ సాయంత్రం పెద్ద సిస్టర్ క్లాసుకి రండి, తెలుస్తుంది."

భాషా, అలవాట్లూ వేరైన పేషెంట్లతో ఎలా మెలగాలో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే క్లాసు అది. గుండ్రంగా వేసిన కుర్చీలే తప్ప బోర్డు లేదు, పాఠం లేదు. బిస్కెట్లు తినడానికి పెట్టుకున్న వ్యవహారమని అతను ఇన్నాళ్ళూ అటువైపు తొంగి చూడలేదు. ఆ రోజు పంతానికి వెళ్ళాడు.

"ఓ చిన్న నాటకం ఆడదాం. నువ్వు అవ్వవి, ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చో. ఈ అమ్మాయి డ్రిల్ మాస్టర్," అన్నారు పెద్ద సిస్టర్ అతనితో.

నర్సు అచ్చం అతనిలాగే నడుం మీద చేతులు పెట్టుకుని తన ఇంటి భాషలో మొదలుపెట్టింది. అక్కడెవరికీ రాని భాష. గలగలా ఏదో చెప్పి, కళ్ళెగరేసి అడిగింది. ఆ కళ్ళను ఇంత దగ్గరగా అతనెప్పుడూ చూడలేదు. గబుక్కున తల ఊపేశాడు. ఆమె మరొకటి అడిగింది. మళ్ళీ ఊపాడు.

"ఏం అడిగానో తెలుసా?"

"తెలీదు."

"మరెందుకు తల ఊపారు?"

"మీరు అంత కష్టపడి చెప్తుంటే కాదంటే బాగోదని..."

అవ్వ నవ్వు కళ్ళ ముందు మెదిలింది. అతనికి నిజంగా సిగ్గేసింది.

"ఇంతకీ ఏం అడిగారు?"

"మొదటిది, నెల రోజులు నాకు టీ తాగిస్తారా అని. రెండోది తర్వాత చెప్తాను."

నవ్వులు ఆగాక, మూల కుర్చీలోంచి లాబ్ టెక్నీషియన్ గొంతు సవరించుకున్నాడు. "అవ్వది మా భాషే. పొద్దున నేను వచ్చి అడగనా?"

ఇన్నేళ్ళు కలిసి పనిచేసినా ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఎవరికీ తెలియదు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"'అర్థమైందా' అని మాత్రం అడగకండి," అంది నర్సు. "ఏం అర్థమైందో ఆవిడనే చెప్పమనండి."

పొద్దున టెక్నీషియన్ అలాగే అడిగాడు. అవ్వ నవ్వు ఆగిపోయింది. కాసేపు దుప్పటి అంచు నలిపి, ఒక్కసారిగా మాటలు కుమ్మరించింది.

"వంచితే కుట్లు తెగుతాయని భయమట. వైద్యం చేసే బాబు ముఖం మీదే కాదనకూడదని తల ఊపుతోందట."

"నాతో ఒక్కమాట అనలేదేంటమ్మా!" అని కొడుకు తెల్లబోయాడు.

అవ్వ విసుక్కుంది. టెక్నీషియన్ నవ్వుతూ చెప్పాడు. "నువ్వు చెప్పావే గానీ, అడిగావా అంటోంది."

డ్రిల్ మాస్టర్ స్టూలు లాక్కుని అవ్వ పక్కన కూర్చున్నాడు. కుట్లు ఎలా పట్టి ఉంటాయో తన మోకాలి మీద గీసి చూపించాడు. ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత అవ్వ పంటి బిగువున మోకాలు వంచింది.

శనివారం సర్జన్ వచ్చేసరికి అవ్వ వాకర్ పట్టుకుని వరండాలో ఎదురొచ్చింది. వార్డంతా చప్పట్లు. మత్తు మాట సర్జన్ మళ్ళీ ఎత్తలేదు. సంతోషం పట్టలేక డ్రిల్ మాస్టర్ నర్సు కోసం వెతికితే, ఆమె అప్పటికే అతన్నే చూస్తోంది.

ఆ రోజు నుంచి అతని నోట 'సిస్టర్' అన్న మాట రాలేదు. రోజూ కాంటీన్‌లో ఆమెకో టీ, అతనికి ఆమె భాషలో ఓ కొత్త మాట. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

నెల చివర్లో జోరుగా వాన. కాంటీన్ చూరు కింద ఇద్దరే మిగిలారు.

"మా అమ్మకి నీ సంగతి చెప్పాను."

ఆమె చేతిలో కప్పు ఆగింది. "ఏమన్నారు?"

"'వియ్యపురాలితో ఏ భాషలో మాట్లాడనురా' అని బెంగపడింది. తర్వాత, 'నేనూ నేర్చుకుంటాలే, ముందు ఆ పిల్లని అడుగు' అంది."

ఇన్నాళ్ళూ కూడబెట్టుకున్న మాటలన్నీ పేర్చి ఆమె భాషలో అడిగేశాడు. ఆమె ఎర్రబడి, మెల్లగా తల ఊపింది.

"ఊహూఁ, ఊరికే తల ఊపితే ఒప్పుకోను. ఏం అర్థమైందో తిరిగి చెప్పు."

"నేనంటే నీకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నావు. జీవితాంతం రోజూ టీ తాగిస్తానంటున్నావు."

"టీ మాట నేను అనలేదే!"

"ఆ రోజు నా రెండో ప్రశ్న అదే," అందామె నవ్వుతూ. "'నెల చాలదు, జీవితాంతం తాగిస్తారా' అని. తల ఊపావుగా!"