అట్ట మీది ఊరేగింపు

"నా ఫొటో నాది కాదంటున్నారమ్మా!" అంటూ ఫొటోగ్రాఫరమ్మ డిటెక్టివ్ ఆఫీసులోకి పరుగున వచ్చి కుర్చీలో కూలబడింది.

మరిది మంచినీళ్లు అందించాడు. డిటెక్టివ్ అతని వదినే. ఆవిడ బుర్రంటే అతనికి దేవుడి మీదున్నంత గురి.

సంగతి ఇది. ముప్పయ్యేళ్ల కిందట సమాన హక్కుల ఊరేగింపులో, లాఠీల మధ్య నిలబడి ఈవిడ తీసిన ఫొటో ఒక పుస్తకానికి ముఖచిత్రమవుతోంది. నెగటివ్‌లు ఆనాడే పోలీసులు పట్టుకుపోయారు. వెనక తన ముద్ర ఉన్న ఒక్కగానొక్క ప్రింటు ప్రచురణకర్తకిస్తే, అట్ట నమూనా చేయించాక పోయిందన్నాడు. ఇప్పుడు పేరుమోసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన, ఆ ఫొటో తనదేనంటూ పాత ప్రింటు పట్టుకొచ్చాడు. సాయంత్రానికల్లా అట్ట ఆయన పేరుతో అచ్చుకెళ్తుంది!

"పదవయ్యా!" అంటూ వదిన అప్పటికే మెట్లు దిగుతోంది.

ప్రచురణకర్త బల్ల మీద అట్ట నమూనా, అక్కడే కూర్చున్న ఆ పేరుమోసిన పెద్దాయన ప్రింటు పక్కపక్కనే ఉన్నాయి. అచ్చుగుద్దినట్టు ఒకటే. పిడికిలెత్తి ముందు నడుస్తున్న యువకుడు, కుడి రొమ్ము మీద చొక్కా జేబు, వెనక జనం. బొమ్మలో ఎక్కడా అక్షరమన్నది లేదు. వదిన ఒకసారి మరిది చొక్కా వైపు చూసింది.

"ఈ ప్రింటు ఎప్పటిదండీ?"

"ఆనాటిదే. నా చేత్తో కడిగాను," అన్నాడు పెద్దాయన.

"ఈ అట్ట ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గర, మా డిజైనర్ దగ్గర. అంతే," అన్నాడు ప్రచురణకర్త.

వదిన డిజైనర్ని పిలిపించి, అందర్నీ కూర్చోబెట్టింది.

"ఫొటోలో ఏమన్నా మార్చావా బాబూ?"

"అద్దంలోలా ఎడమను కుడి చేశానండీ, పుస్తకం పేరుకు చోటు కుదరక. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

మరిది ఎగిరి లేచాడు. అతని చొక్కా జేబు ఎడమవైపుంది!

"అదీ సంగతి," అంది వదిన. "తిప్పిన బొమ్మలో జేబు కుడికొచ్చింది, సరే. ముప్పయ్యేళ్ల నాటి ప్రింటులోనూ కుడికెలా వచ్చింది సారూ? అది ఈ అట్ట మీది బొమ్మకు నకలు గనక! మీకు నకలిచ్చిందెవరు? డిజైనరైతే తిప్పిన సంగతి తెలుసు గనక సరిచేసే ఇచ్చేవాడు. తెలియనివారు ఇక ఒక్కరే." ఆవిడ ప్రచురణకర్త వైపు తిరిగింది. "పెద్ద పేరుంటే పుస్తకం ఎగబడి కొంటారనుకున్నారు. అసలు ప్రింటు వెనక ఈవిడ ముద్రుంది గనక దాచేశారు. తీస్తారా, పోలీసుల్ని పిలవమంటారా?"

పెద్దాయన తల దించుకున్నాడు. ప్రచురణకర్త బీరువా తెరిచి, ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

డిజైనర్ గబగబా పెన్సిల్ అందుకున్నాడు. "ఇప్పుడే మార్చేస్తానక్కా! మీ పేరెలా వేయమంటారు?"

ఫొటోగ్రాఫరమ్మ పిడికిలెత్తిన యువకుడి ముఖం మీద వేలుంచింది.

"వీడు మా అన్నయ్య. ఆ రోజు మళ్లీ ఇంటికి రాలేదు. ముందు వాడి పేరు వెయ్యి నాయనా. నాది తర్వాత."