చిన్నల్లుడి కొత్త కారు

“సెల్ చిన్నల్లుడి దగ్గర ఉంటుంది. నువ్వు బ్యాకప్,” అన్నాడు చీఫ్.

పెద్దల్లుడి మొహం మాడిపోయింది. ఇద్దరూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లను చేసుకున్నారు కాబట్టి సీక్రెట్ సర్వీసులో వాళ్ల కోడ్ నేములు అవి. తోడల్లుణ్ణి సర్వీసులో చేర్పించింది కూడా పెద్దల్లుడే. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

సెల్ అంటే అగ్గిపెట్టెంత బ్యాటరీ నమూనా. టీ తాగి కప్పు కింద పెట్టేలోగా కారుకు నిండా చార్జి ఎక్కించే రకం. దాన్ని ల్యాబ్ నుంచి కొండ అవతలి ఎయిర్‌బేస్‌కు చేర్చాలి. దానికోసం ‘గద్ద’ అనే విదేశీ ముఠా ఇప్పటికే ఒక సైంటిస్టు ప్రాణం తీసింది.

“కార్లు?”

“అతనికి కొత్త ఎలక్ట్రిక్. నీకు మన పాత హైబ్రిడ్.”

“ఎస్కార్ట్?”

“సీతాకోకచిలుక. అతని పక్క సీట్లో.”

సర్వీసు మొత్తానికీ అందగత్తె ఆవిడ. ఆవిడతో ఒక్క మిషనైనా వెయ్యమని పెద్దల్లుడు చీఫ్‌ను ఎన్నిసార్లు బతిమాలాడో! ఈర్ష్యతో ఒళ్లు మండిపోయి, చెయ్యకూడని పని చేశాడు. తోడల్లుడి సీటు కింద గుండీ మైక్ అతికించాడు. తోటి ఏజెంటు మాటలు దొంగతనంగా వింటే ఉద్యోగం ఊడుతుంది. అయినా తన గురించి వాళ్లేమనుకుంటారో వినకుండా ఉండలేకపోయాడు.

బయట ఎముకలు కొరికే చలి. ఊళ్లో ట్రాఫిక్ నత్తనడక నడిచినంతసేపూ హైబ్రిడ్ కూడా బ్యాటరీ మీదే చప్పుడు లేకుండా జరిగింది. రోడ్డు ఖాళీ కాగానే ఇంజను గొంతు విప్పింది. పెద్దల్లుడు ఇయర్‌ఫోన్ సర్దుకున్నాడు.

“చలేస్తోంది. హీటర్ పెంచుతావా?” సీతాకోకచిలుక గొంతు.

“మీరు అడగాలేగానీ!”

“సీటు కూడా వేడెక్కుతుందటగా? నాకు స్పీడంటే పిచ్చి. కాస్త తొక్కు.”

“చూడండి మరి!”

ఒక్క మాటయినా తన గురించి లేదు. అది మరీ అవమానం. పెద్దల్లుడి కారులో హీటరుకు ఇంజను వేడే చాలు. అక్కడ ప్రతి వెచ్చదనమూ బ్యాటరీలోంచే రావాలి. ఈ చలికి బ్యాటరీ అసలే నీరసపడుతుంది, వేగం దాన్ని ఇంకా తాగేస్తుంది. ‘తగలెయ్యి నాయనా, దారిలో ఆగితే తెలిసొస్తుంది,’ అనుకున్నాడు. రేడియో చేతికందేంత దగ్గర్లోనే ఉంది. ముట్టుకోలేదు.

“ఎడమకు తిప్పు. కొండదారిలో మంచు చూద్దాం.”

“అటు చార్జరు లేదండీ.”

“స్క్రీన్ మీద ఇంకా తొంభై కిలోమీటర్లు చూపిస్తోందిగా. కొండ మీదుగా ఎయిర్‌బేస్‌కు యాభయ్యే.”

“అదీ నిజమే.”

పెద్దల్లుడి నవ్వు ఆగిపోయింది. ఆ తొంభై చదును రోడ్డు లెక్క. ఎత్తు ఎక్కితే అందులో సగం కూడా మిగలదు. సర్వీసులో ఎలక్ట్రిక్ కార్ల క్లాసు చెప్పిందే సీతాకోకచిలుక, ఆవిడకు తెలియదా? హీటరు అడిగింది చలికి కాదు, కారును కొండ మీద ఆపడానికి!

రేడియో అందుకున్నాడు. బుస్సుమన్న శబ్దం తప్ప ఏమీ లేదు. జామర్! గుండీ మైకు మాత్రం వేరే ఫ్రీక్వెన్సీ కాబట్టి చెవిలో పలుకుతూనే ఉంది. అసూయతో నోరు మూసుకుని తమ్ముడిలాంటి వాణ్ణి చావుకు పంపాను కదా అని తనను తానే తిట్టుకుంటూ యాక్సిలరేటర్ తొక్కాడు.

“కారు ఆగిపోయిందండీ. చార్జి అయిపోయినట్టుంది,” చిన్నల్లుడి గొంతు.

“తెలుసు. చేతులెత్తు.”

ఇంజను ఆయాసపడుతూ కొండెక్కింది. పైన మలుపు దగ్గర రోడ్డు చదునైంది. అంతవరకూ పల్లాల్లో బ్రేకు నొక్కినప్పుడల్లా కూడిన కాస్త చార్జి ఉంది. బ్యాటరీ మోడ్ బటన్ నొక్కాడు. ఇంజను నోరు మూసుకుంది. పొగమంచులో హైబ్రిడ్ పిల్లిలా ముందుకు జరిగింది.

ఎదురుగా, ఆగిపోయిన ఎలక్ట్రిక్ కారు పక్కన వ్యాను. డ్రైవింగ్ సీట్లో గద్ద మనిషి, ఒళ్లో సెల్ పెట్టె.

“పనైపోయిందిగా. ఇంక వీడెందుకు?” అన్నాడు వాడు.

సీతాకోకచిలుక పిస్టల్ చిన్నల్లుడి నుదుటికి గురిపెట్టింది. వేలు బిగుసుకుంటున్న క్షణంలో హైబ్రిడ్ బంపరు వెనకనుంచి ఆవిడ మోకాళ్లను తాకింది. ఆవిడ కూలబడింది, గుండు ఆకాశంలోకి పోయింది. చిన్నల్లుడు పిస్టల్ లాక్కున్నాడు. అప్పటికే కదిలిన వ్యానుకు పెద్దల్లుడు కారును అడ్డంగా పెట్టి, దిగి, కిటికీలోంచి పెన్ను నొక్కాడు. మత్తు గ్యాస్‌కు గద్ద మనిషి హారన్ మీదికి వాలిపోయాడు.

“అన్నయ్యా!” చిన్నల్లుడు వచ్చి వాటేసుకున్నాడు. “రేడియో కూడా లేదు కదా, నీకెలా తెలిసింది?”

పెద్దల్లుడు టైర్ల వంక చూశాడు. మర్నాడు చీఫ్ కూడా అదే అడిగాడు. మైకు సంగతి చెబితే ఇంటికి పోవలసిందే.

“చిన్నల్లుడే సిగ్నల్ ఇచ్చాడు సార్. బ్రేక్ లైట్లతో.”

చిన్నల్లుడు కాసేపు తెల్లబోయాడు. తరువాత వినయంగా తల వంచి, మెడల్ వేయించుకున్నాడు.

అది సీక్రెట్ సర్వీసు కాబట్టి సాయంత్రానికల్లా మామగారికి తెలిసిపోయింది. ఆయనే ఫోన్ చేశారు.

“చిన్నల్లుడు దేశాన్ని కాపాడాడట! నువ్వూ ఆ పక్కనే ఉన్నావటగా. కాస్త చూసి నేర్చుకోవయ్యా.”