మార్గశిర లక్ష్మివారం నాటి సూది

"మందు పనిచేస్తుందా అని కాదు, ఎంతమంది పడిపోతారో చూడ్డానికి ఈ ట్రయల్," అన్నాడు చీఫ్ రమణమూర్తి, పోర్టు వెనక ఆగిన వ్యాన్‌లో. "నరాలు చచ్చుబడే విషం. కొనేది విదేశీ ముఠా. ఇవాళ గాజువాకలో తొలి డోసు, సాయంత్రానికి శాంపిల్స్ ఓడెక్కుతాయి. లోపల మన డబుల్ ఏజెంట్ కుసుమకుమారి ఉంది. కోడ్: సముద్రం ఎలా ఉంది?"

ఏజెంట్ గుణశేఖర్ అటెండర్ చొక్కా తొడుక్కుని వ్యాన్ దిగాడు.

కాసేపటికి అతను ఐస్ బాక్స్ మోసే ల్యాబ్ అటెండర్. చొక్కా గుండీలో కెమెరా. కమ్యూనిటీ హాల్లో ఫ్రీ హెల్త్ క్యాంప్ బ్యానర్, వచ్చిన ప్రతి ఆడమనిషికీ బొట్టు, తాంబూలం, జాకెట్టు ముక్క.

"ఇక్కడి ఆచారాల మీద మీవాళ్లు రాసిన కల్చరల్ స్టడీ సూపర్ సార్," డాక్టర్ శివరామకృష్ణ ఫోన్లో ముఠా మనిషితో నవ్వుతున్నాడు. "తాంబూలం పుచ్చుకున్న ఆడది కాదనలేదు. మొగుళ్లంతా ప్లాంట్‌లో డ్యూటీ. అడిగేవాడు లేడు."

మర్యాదనే ఎరగా గుచ్చి మనుషుల్ని పట్టే వెధవ! ఆ నవ్వు మీద ఉమ్మెయ్యాలనిపించింది గుణశేఖర్‌కి.

పట్టుచీర, ఖరీదైన సెంటు. తాంబూలాలు పంచుతున్న కుసుమకుమారి దగ్గరికొచ్చింది.

"సముద్రం ఎలా ఉంది?" గుణశేఖర్ గొంతు తగ్గించి అడిగాడు.

"కెరటం రావాలి. రెయిడ్ టీమ్ ఎక్కడ?"

"కంటైనర్ లారీల మధ్య ఇరుక్కుంది."

"గుమ్మంలో ఇద్దరి దగ్గర పిస్టళ్లున్నాయి. తొందరపడకు."

మొదటి కుర్చీలో రామలక్ష్మమ్మ. గుణశేఖర్ వంగి, "అమ్మా, ఈ సూది వద్దు. వెళ్లిపో," అన్నాడు.

"ఆకు వక్క పుచ్చుకున్నాను బాబూ. ఎలాగ లెగిసెల్లిపోతాను?"

"ముందు బ్లడ్, తర్వాత ఇంజెక్షన్," అరిచాడు డాక్టర్.

కుసుమకుమారి రబ్బరు పట్టీ కడుతూ, హాలంతా వినపడేలా అమాయకంగా అంది: "పిన్నీ, మార్గశిర లక్ష్మివారం పూట రక్తం ఇస్తున్నావా?"

రామలక్ష్మమ్మ చెయ్యి లాగేసుకుంది. "ఓలమ్మో! లచ్చివారం నాడు పక్కింటికి ఉప్పే ఇవ్వం, ఒంట్లో నెత్తురిత్తామేటి!"

ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. అంత లావు స్టడీ రాసినవాళ్లు ఒక్క ఆడమనిషినైనా నోరు తెరిచి అడగలేదు. క్యాలెండర్‌లో గురువారమని చూశారే తప్ప, అది లక్ష్మివారమని తెలియక ముహూర్తం పెట్టేశారు.

"రక్తం లేకపోతే డేటా చెత్త!" డాక్టర్ ఫోన్లోంచి గొంతు కసిరింది. డాక్టర్‌కి పిచ్చెక్కింది. బలవంతంగా రామలక్ష్మమ్మ జబ్బ పట్టుకుని విషం సూది ఎత్తాడు. మొన చర్మానికి తగులుతుండగా గుణశేఖర్ విసిరిన ఐస్ బాక్స్ డాక్టర్ మణికట్టు మీద పడింది. సిరంజి గోడకు కొట్టుకుని పగిలింది. గుమ్మంలో పిస్టళ్లవాళ్లు గుంపుగా తోసుకొస్తున్న ఆడవాళ్లను దాటి రాలేకపోయారు. వాళ్ల వెనకే రెయిడ్ టీమ్ దిగింది.

అంతా సద్దుమణిగాక రమణమూర్తి సాక్ష్యం కాగితం, ఇంకు ప్యాడ్ ముందుకు తోశాడు. "వేలిముద్ర వెయ్యండమ్మా."

రామలక్ష్మమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "అందల ఏటి రాసుందో ముందు సదువు."

గుణశేఖర్ ఆమె ముందు నేల మీద కూర్చుని మొత్తం చదివి వినిపించాడు. ఆమె శ్రద్ధగా విని తలూపింది.

"బానే రాసినారు. ఇయ్యాల లచ్చివారం, రేపు సుక్కురోరం. శనోరం నాడు రండి, ఏత్తాను."