ఓబిలేష్ ఆర్పని కర్పూరం

అనంతపురంలో ప్రైవేటు డిటెక్టివ్ మల్లికార్జున ఆఫీసు మెట్లెక్కేవాళ్లలో చాలామందికి కావలసింది కాబోయే అల్లుడి గుణగణాలు. ఆ మే నెల ఉదయం వచ్చిన మనిషి మాత్రం కుర్చీలో కూర్చోవడానికి కూడా జంకింది. పేరు జ్యోతి, యాడికి మండలంలో ఒక పల్లె. చెట్లకు పాదులు తీస్తూ తీస్తూ లేచి బస్సెక్కినట్టుంది, గోళ్లలో ఎర్రమట్టి ఇంకా తడిగానే ఉంది.

“మా ఆయనను దొంగ అంటాండారు సార్. శనివారం ఆంజనేయస్వామి గుడికాడ కర్పూరం ఆర్పి ప్రమాణం చేయల్లంట. ఈయనేమో చేయనంటాండాడు. చేయకుంటే తప్పు ఒప్పుకున్నట్లే గదా? అన్నం ముట్టడు, మాట్లాడడు. ఏమన్నా చేసుకుంటాడేమోనని భయమైతాండాది.”

“ఏం దొంగతనమమ్మా?”

“నీళ్లు సార్.”

మూడు చీనీ తోటలకు, అంటే బత్తాయి తోటలకు, ఉమ్మడి బోరు ఒక్కటే. మోటారు నడిచే కరెంటు పగటిపూటే. పొద్దున నారాయణప్ప వంతు, మధ్యాహ్నం జ్యోతి భర్త ఓబిలేష్ వంతు, చివర ఒంటరి ముసలమ్మ బయమ్మ వంతు. తగాదాలు వద్దని, వాల్వులు తిప్పే కంప్యూటరును ఉగాది నాడు పెట్టారు. దాన్ని ఎంచి తెచ్చింది రైతు సంఘం అధ్యక్షుడు దివాకర్. కొద్దిరోజులకే బయమ్మ నీళ్లు కూడా ఓబిలేష్ తోటకే పారసాగాయి.

“కంప్యూటర్ను మా ఆయన ఏదో చేసినాడని దివాకరన్న అంటాండాడు. ప్రమాణం మాట ఎత్తింది గూడా ఆయనే.”

“రోజూ ఇంతేనా?”

“ఆకాశంలో మోడాలు కమ్మిన దినం మాత్రం బయమ్మత్తకు పారినాయి సార్.”

కారులో అసిస్టెంటు ఆశ్రిత తేల్చేసింది. “తప్పు చేయనివాడికి ప్రమాణమంటే భయమెందుకు సార్? ఆయనే చేసుంటాడు.”

“భయం కాకపోతే?” అన్నాడు మల్లికార్జున. ఆశ్రితకు అర్థం కాలేదు గానీ, గురువుగారు అన్నారంటే ఏదో ఉండే ఉంటుందని ఊరుకుంది.

మోటారు గది నాలుగు వైపులా రేకులే. దివాకర్ మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. “ఇదొక్కటే చెవి. ఎవురికీ ఇయ్యను.”

“మరి ఓబిలేష్ లోపలికి ఎలా వచ్చాడు?”

“దొంగకు దోవ మనం చెప్పల్లా, ఏమప్పా? రేకు ఎత్తి దూరింటాడు.”

లోపల కంప్యూటరు మీద ధర్మవరం పట్టుగుడ్డ కప్పి ఉంది, దుమ్ము పడకుండా. మల్లికార్జున గుడ్డ తీసి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. పెద్ద రంగుల తెర మీద గడియారం ఒంటిగంట చూపిస్తోంది. ఆశ్రిత చేతి గడియారంలో మూడు దాటింది. ఫ్యాను సందుల నిండా ఎర్రదుమ్ము. ఉగాది పూజలో పెట్టిన గంధం, కుంకుమ బొట్లు మూలమూలనా చెక్కుచెదరలేదు. ఆన్ చేసే బటన్ మీది బొట్టు ఒక్కటే అరిగిపోయింది. ఆశ్రిత కూడా ఇవన్నీ చూసింది. చూసి ఏమీ తేల్చుకోలేకపోయింది.

ఓబిలేష్ తన తోటలో తల వంచుకుని నిలబడ్డాడు. చెట్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

“ఆ గదిలోకి పోయినావా?” అని అడిగాడు మల్లికార్జున.

“లేదు సార్.”

“ఆ మాటే ప్రమాణం చేసి చెప్పొచ్చు కదా?”

“చేయలేను సార్. అడగొద్దు.”

శనివారం గుడి ముందు అందరూ కూర్చున్నారు. పూజారి పళ్లెంలో కర్పూరం వెలిగించబోతే, మల్లికార్జున ఆగమన్నాడు.

“కంప్యూటరును ఆపింది ఓబిలేష్ కాదు, ఎండ. ఇది చల్లటి ఆఫీసు గదిలో ఉండవలసిన రకం. ఇలాంటి రేకుల గదికి ఫ్యాను లేనిది, ఒంటినిండా రెక్కల్లాంటి లోహపు పలకలున్నది కావాలి. వేడిని ఆ రెక్కలే బయటికి పంపుతాయి, దుమ్ము లోపలికి పోదు. ఎప్పుడైనా ఆగినా తనంతట తానే తేరుకుంటుంది. ఇదేమో మధ్యాహ్నానికి వేడెక్కి బిగుసుకుపోతుంది, పైగా పట్టుగుడ్డ ఒకటి! అప్పుడు తెరిచి ఉన్న వాల్వు తెరిచినట్టే ఉండిపోతుంది. ఆ వేళకు నడిచేది ఓబిలేష్ వంతు. మబ్బులు కమ్మిన రోజు ఆగలేదు, బయమ్మకు నీళ్లు అందాయి.”

“అట్లయితే పొద్దున్నే నా వంతుకు ఎట్ల లేస్తాది?” అన్నాడు నారాయణప్ప.

“అదే అసలు ప్రశ్న. సాయంత్రం పూట ఎవరో బటన్ నొక్కి మళ్లీ మొదలుపెడుతున్నారు. అందుకే దాని మీది బొట్టు ఒక్కటే అరిగింది. అది ఆగిపోతోందని ఆ మనిషికి మొదటినుంచీ తెలుసు. గదికి తాళంచెవి ఒక్కటే.”

అందరి చూపులూ దివాకర్ నడుము మీదికి పోయాయి. అతడు అప్రయత్నంగా తాళంచెవిని అరచేత్తో మూశాడు.

“అంగడాయన రెక్కల పెట్టెనే తీసుకోమన్నాడు,” అన్నాడు చివరికి. “నల్లగా, తెర లేకుండా, చూడబుద్ధి కాకుండా ఉండె. ఎమ్మెల్యే వస్తాడు, ఫొటోలు తీస్తారని, కంటికింపుగా ఉండేది తెచ్చినా. ఎండ ముదరంగానే ఆగిపాయ. నేను ఏరి తెచ్చింది పనికిరాదని ఏ మొగం పెట్టుకోని చెప్పేది? ఓబిలేష్ మీద మాట పడితే నోరు మూసుకున్నా.”

“యాడ మూసుకుంటివి! ప్రమాణం చేయమన్నది నువ్వే,” అంది జ్యోతి. దివాకర్ తల ఇంకా కిందికి వాలింది. కారులో తాను చెప్పిన తీర్పు గుర్తొచ్చి ఆశ్రిత కూడా ఎటో చూసింది.

జ్యోతి పళ్లెం అందుకుని కర్పూరం తానే వెలిగించింది. “ఆర్పయ్యా. ఇప్పుడు తలెత్తుకోని ఆర్పు.”

ఓబిలేష్ చెయ్యి లేవలేదు. “ఆర్పలేను. గదిలోకి నేను పోలేదు, నిజమే. అయితే నా వంతు అయిపోయినాక గూడా నీళ్లు పారేది చూస్తానే ఉంటి. అత్త చెట్లు ఆకు ముడిచేది నా గట్టు మీదికి కనపడతానే ఉండె. ఎవురన్నా అడిగినప్పుడు చెబుదాంలే అనుకుంటి. దొంగ అనే దాకా ఎవురూ అడగలేదు.”

బయమ్మ కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది.

“రోజూ నా ఇంటి ముందర నుంచే గదా పోతావు, ఓబిలేసూ. ఒక్క మాట చెప్పలేకపోతివా?”

పళ్లెంలో కర్పూరం ఎవరూ ఆర్పకుండానే కాలి ఆరిపోయింది. జ్యోతి పళ్లెం కింద పెట్టి, ఎర్రమట్టి వదలని చేతులు కొంగులో దాచుకుంది. వంతు దాటి పారిన ఆ నీళ్లకు రోజూ పాదులు తీసింది ఆమే.