విడుదలైన గంటలో...

ఆసుపత్రి లిఫ్ట్ రావడం లేదు.

ఆమె బటన్ నొక్కుతుంది. మళ్ళీ నొక్కుతుంది. ఎర్ర అంకె మూడు దగ్గరే ఆగిపోయి ఉంది... పైన ఎవరో తలుపు మూసుకోకుండా పట్టుకున్నారు.

మెట్లు. వేరే దారి లేదు.

పరుగెడుతోంది. చేతిలో ఫోన్, స్పీకర్ ఆన్‌లో. అవతల ఆమె ఆఫీసు డైరెక్టర్.

"అమ్మాయ్, మన పని చచ్చినవాళ్ళని లెక్కపెట్టడం. ఇంటికెళ్ళు."

"అతనింకా బతికే ఉన్నాడు సార్. అందుకే పరుగెడుతున్నా."

"పొద్దున ఫైల్ వస్తుంది కదా. చూద్దాం."

"ఆ ఫైల్లో ఏముంటుందో నేనిప్పుడే చెప్తాను. విడుదల చేశాం, తర్వాత పోయాడు. మీరేమో మామూలు మరణం అని పక్కన పడేస్తారు."

"రూలు నేను రాయలేదమ్మా."

"చెరపనూ లేదు."

ఫోన్ జేబులో పడేస్తుంది. కట్ చేయడానికి కూడా ఓపిక లేదు.

పోలీసుల చేతుల్లో పోయినవాళ్ళ వివరాలు సేకరించి మానవ హక్కుల కమిషన్ పట్టికలో నింపడం ఆమె ఉద్యోగం. కస్టడీలో ప్రాణం పోతేనే ఆ పట్టికలోకి. అప్పుడే జడ్జి విచారణ. అప్పుడే ఎవరి ఉద్యోగమైనా ఊడేది. దానికి ముందే విడుదల కాగితం మీద సంతకం పడితే... ఏమీ లేదు.

స్టేషన్లు ఈ కిటుకు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. కొనప్రాణంతో ఉన్నవాణ్ణి ఆసుపత్రిలో పడేస్తారు. 'క్షేమంగా అప్పగించారు' అని ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టిస్తారు. బేడీలు తీసేస్తారు.

అలాంటి కేసులు ఆమె దగ్గర బీరువా నిండా ఉన్నాయి. సంతకానికీ చావుకీ మధ్య గంటకు మించి ఎప్పుడూ లేదు. గ్రాఫ్ గీసి చూపించింది.

"రంగులు బాగున్నాయి" అన్నాడు డైరెక్టర్.

ఈ రాత్రి మొదటిసారి... ఫైలు కాకముందే మనిషి దొరికాడు.

ఇందాక వార్డు నర్సు ఫోన్ చేసింది. "అక్కా, ఒక వెల్డర్‌ని తెచ్చారు. ఏదో దొంగతనం కేసట. కడుపు ఉబ్బిపోయింది, లోపల రక్తం కారుతున్నట్టుంది. డాక్టర్ ముట్టుకోవడం లేదు. వాళ్ళావిడని సంతకం పెట్టమంటున్నారు. తొందరగా రా."

సంతకం ఆపాలి. అంతే!

మూడో అంతస్తు. ఫినాయిల్ వాసన. సగం లైట్లు వెలగని వరండా. నర్సు ఎదురొస్తుంది. ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

"పెట్టేసింది అక్కా."

గోడకి ఆనుకుంటుంది.

బెంచీ మీద వెల్డర్ భార్య. ఒళ్ళో భర్త చొక్కా.

"ముందు ఎవరినైనా అడగొద్దా?" నోరు జారుతుంది.

"ఎవరిని అడగను మేడమ్? నా ఫోన్ కూడా వాళ్ళే తీసుకున్నారు. సంతకం పెడితే వదిలేస్తామన్నారు. పెట్టాను. తప్పా?"

ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

వార్డు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని ఇన్‌స్పెక్టర్. చేతిలో టీ కప్పు.

"ఓహో, లెక్కల మేడమ్ వచ్చారే. కూర్చోండి. కాసేపట్లో మీకు పని తగులుతుంది." ఒక గుటక వేస్తాడు. "అయ్యో... ఇది మీ లెక్కలోకి రాదు కదూ?"

ఆమె పిడికిలి బిగుసుకుంటుంది. కొట్టి లాభం లేదు. అరిచి లాభం లేదు. రేపు ఇంకో ఫైలు. ఎల్లుండి ఇంకో గ్రాఫ్...

గుమ్మంలోంచి మంచం కనిపిస్తోంది. ఖాళీ మణికట్టు చుట్టూ ఎర్రటి వాత. ఛాతీ మాత్రం కదులుతోంది.

గంట.

ఇన్నాళ్ళూ ఆ గంటని ఆమె సాక్ష్యంగానే చూసింది. గీతగా గీసింది. దాన్లో మనిషి ఊపిరి పీల్చుకుంటూ ఉంటాడని తట్టలేదు.

తల తిప్పి భార్యని చూస్తుంది.

"ఆ కాగితంలో ఏమని రాశారు?"

"ఆయన్ని నాకు అప్పగించేశామని."

"అయితే నీ మనిషే కదా. లే, పట్టు."

నర్సుకి విడమర్చి చెప్పక్కర్లేదు. స్ట్రెచర్ చక్రాలు అప్పటికే కిర్రుమంటున్నాయి. "కింద అంబులెన్స్ ఉందక్కా. వంతెన దాటితే పెద్దాసుపత్రి."

ముగ్గురూ కలిసి ఎత్తుతారు. వెల్డర్ మూలుగుతాడు. ఇన్‌స్పెక్టర్ కప్పు దించి లేచేలోపే వరండాలో చక్రాల మోత...

లిఫ్ట్ తలుపులో కాలు అడ్డం పెట్టి కానిస్టేబుల్ నిలబడ్డాడు. వెనక బూట్ల చప్పుడు.

"ఆగండి!" ఇన్‌స్పెక్టర్ స్ట్రెచర్‌కి అడ్డం పడతాడు. "ఎక్కడికి? డాక్టర్ పంపలేదు."

"డాక్టర్ ముట్టుకోనూ లేదు. భార్య తీసుకెళ్తోంది. ఆపడానికి మీరెవరు?"

అతని దవడ కదులుతుంది. పెద్దాసుపత్రిలో స్కాన్ తీస్తారు. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో రాస్తారు. అది అతనికీ తెలుసు.

"జరగండి సార్," అంటుంది భార్య. "పెట్టమన్నప్పుడు పెట్టానుగా. ఇప్పుడు ఇవ్వనంటే ఎలా?"

కానిస్టేబుల్ దగ్గుతాడు. దగ్గో, నవ్వో.

ఇన్‌స్పెక్టర్ మెడ ఎర్రబడుతుంది. చెయ్యి బెల్టు మీదకి వెళుతుంది...

క్లిక్!

బేడీ. ఒక కొస వెల్డర్ మణికట్టుకి. రెండో కొస తన మణికట్టుకే.

"వీడు నా కస్టడీలో ఉన్నాడు. ఇప్పుడు కదలండి చూద్దాం."

ఎవరూ కదలరు.

ఆమె జేబులో కట్ చేయని ఫోన్లోంచి ఒక గొంతు. నింపాదిగా.

"ఇన్‌స్పెక్టర్ గారూ, కమిషన్ డైరెక్టర్‌ని మాట్లాడుతున్నాను. కస్టడీ అన్నారు కదూ? నా ఫోన్లో ప్రతి కాలూ రికార్డవుతుంది. అలవాటు."

వెల్డర్ ఒక్కసారి ఎగశ్వాస తీస్తాడు. పెదవి పక్కన ఎర్రటి చార.

ఇన్‌స్పెక్టర్ బేడీ వైపు చూస్తాడు. ఆ చార వైపు చూస్తాడు. ఇప్పుడు పోతే... తన చేతికి కట్టి ఉండగా పోతాడు.

ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కాలు తియ్యరా వెధవా!" కానిస్టేబుల్ మీద విరుచుకుపడతాడు. "తొయ్యండి లోపలికి! కిందికి నొక్కు!"

లిఫ్ట్ దిగుతుంది. తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే స్ట్రెచర్ దూసుకుపోతుంది. పక్కన ఇన్‌స్పెక్టర్... వంగి, అడ్డంగా, తొట్రుపడుతూ. బేడీ లాగుతున్నా ఆగడు. భార్య, నర్సు అతని వేగం అందుకోలేకపోతున్నారు.

"అమ్మాయ్," ఫోన్లో డైరెక్టర్. "మరి దీన్ని ఏ గడిలో వెయ్యను?"

"ఏ గడిలోనూ వద్దు సార్," ఆమె రొప్పుతోంది. "దయచేసి."

అంబులెన్స్ తలుపు దభీమని మూసుకుంటుంది. సైరన్‌ని మించి లోపలి నుంచి ఇన్‌స్పెక్టర్ కేక...

"చావకురా! ఒరేయ్... నీ కాళ్ళు పట్టుకుంటాను, చావకు!"